కట్టుటకంటె నిలుపుకొనుట



ఈ మాసము మేము వంటయింటి ముచ్చటలను విడిచి ఒక వంతెన ముచ్చట చెప్పఁబూనితిమి. వంతెనలతో ఇల్లాండ్రకేమి పని యని పుట త్రిప్పివేయకుఁడు. ఈ కథ మా యింటి వెనుకటి కాలువరేవులో మొదలయి, సముద్రములు దాఁటి, మరల ఆ రేవునకే వచ్చి చేరును.

మా రేవునకు 14 రాతిమెట్లు గలవు. మా మామగారి తండ్రిగారి కాలమున ఊరివారందఱు చేరి కట్టించినవి. క్రిందినుండి నాలుగవ మెట్టు పగిలి రెండేండ్లయినది. అది పగిలినదని యెఱుఁగనివారు ఊరిలో లేరు. బట్టలమూటతో దిగు ప్రతి యిల్లాలును ఆ మెట్టును దాఁటి కాలు పెట్టుట నేర్చుకొన్నది. చుట్టపుచూపుగా వచ్చినవారికి "అమ్మా, ఆ మెట్టు చూచుకొని దిగుఁడు" అని చెప్పుటయు నేర్చుకొన్నది. దానిని బాగుచేయించుట మాత్రము ఎవరును నేర్వలేదు. ఎవరో యననేల? మేమును నేర్వలేదు.

గడచిన మాఘమాసమున మా యెదురింటి పెద్దమ్మగారు తెల్లవాఱకముందే స్నానమునకు దిగి, ఆ మెట్టుకడనే కాలుజాఱి పడిరి. కుడిచేతి మణికట్టు విఱిగినది. సాయంకాలమునకు ఇల్లిల్లును ఆమెను చూడవచ్చినది. వచ్చిన ప్రతివారును "ఎప్పటికైన ఇట్లు జరుగునని మేమనుకొనుచునే యున్నాము" అనిరి. పెద్దమ్మగారు అంత నొప్పిలోను నవ్వి, "అనుకొన్నవారందఱు తలకొక రాయి తెచ్చియున్న మెట్టు నిలిచియుండును గదమ్మా" అనిరి.

ఆ మాట మాకు ములుకువలె నాటినది. ఏలయనఁగా ఆ సంవత్సరమే మా యూరి గుడిముంగిట క్రొత్త స్వాగతద్వారము లేచినది. దానికి చందాల కొఱఁత రాలేదు. మేమును ఇచ్చితిమి. దాతల పేళ్లు పాలరాతిపైఁ జెక్కించిరి. పగిలిన మెట్టునకు సిమెంటు పెట్టించినవారి పేరు ఎవరు చెక్కింతురు?

మా వారు బడిపంతులు. వారితో ఈ మాట యనఁగా, "బడిలోనైన ఇంతియే. క్రొత్త గది కట్టింతుమనువారు దొరకుదురు. కారుచున్న ప్రాఁతగది కప్పు బాగుచేయింతుమనువారు దొరకరు. మరమ్మతునకు ప్రారంభోత్సవము లేదు గదా!" అనిరి.

మా యాఁడుబిడ్డ కూఁతురు ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున ఉద్యోగము చేయుచు కాఁపురమున్నది. పెద్దమ్మగారు పడిన సంగతి ఆమెకు ఫోనులో చెప్పితిమి. విని ఆమె, "అత్తయ్యా, మీ మెట్టు కథ వినఁగా నాకు ఇచ్చటి క్లీవ్డన్ వంతెన తలఁపునకు వచ్చుచున్నది. మొన్నటి ఆదివారము పిల్లలతో పోయి వచ్చితిని. అచ్చట ఎటు చూచినను ఇత్తడిరేకులమీఁద మనుష్యుల పేళ్లే. కట్టించినవారి పేళ్లు కావు, నిలుపుటకు డబ్బిచ్చినవారి పేళ్లు" అన్నది. నిలిపినవారికి పేళ్లుండుట మాకు వింతగాఁ దోఁచినది. ఆ వంతెన చరిత్రను మా వారును మేమును కూర్చుండి చదివితిమి. చదివినదానిని మీతోఁ బంచుకొనక యుండలేకపోతిమి.

వంతెన యనఁగా ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు చేర్చునది. ఇది ఆవలి యొడ్డు లేని వంతెన. తీరమున మొదలయి, స్తంభములమీఁద సముద్రములోనికి కొంతదూరము సాగి, అచ్చటనే నిలిచిపోవును. ఆంగ్లేయులు దీనిని పియర్ అందురు. మన రేవులలో సరకు దించు జెట్టీకి ఇది తోఁబుట్టువు వంటిది. దీని కొనయొద్ద ఓడలు వచ్చి నిలుచును. ఓడలు రాని దినములలో జనులు గాలికై కొనవఱకు నడచి మరలివత్తురు. విక్టోరియా రాణి కాలమున ఇంగ్లండు సముద్రతీరపు టూళ్లు పోటీపడి ఇట్టివానిని కట్టించుకొన్నవి. కట్టించిన తాతలు పోయిరి. వంతెనలను నిలుపు భారము మనుమలమీఁదఁ బడినది.

క్లీవ్డన్ బ్రిస్టలునకు పడమట కొలఁది మైళ్ల దూరమున, సెవర్న్ నది సముద్రమునఁ గలయు మేరలో నున్న చిన్న యూరు. అచ్చటి పియర్ 1869వ సంవత్సరము మార్చి 29వ తేదిన, ఈస్టరు పండుగ మఱునాఁడు తెఱవఁబడినది. అయిన వ్యయము సుమారు 10 వేల పౌన్లు. పొడవు వేయి అడుగులకు పైమాట. మన పెంకుటిండ్లను అంకణములతోఁ గొలుచునట్లు చెప్పవలెనన్న, 100 అడుగుల యంకణములు ఎనిమిది.

ఆ తావున సముద్రము సామాన్యమైనది కాదు. పెద్ద పోటు దినములలో నీరు పాటునకును పోటునకును నడుమ సుమారు 14 మీటర్లు, అనఁగా 45 అడుగులకు పైగా లేచును. ఎదిగిన కొబ్బరిచెట్టు ఎత్తని యెంచుకొనుఁడు. లోకములోని మిక్కిలి పెద్ద పోటుపాటులలో నిది యొకటి. ఇంత నీరు దినమునకు రెండుమాఱులు ఎక్కి రెండుమాఱులు దిగునప్పుడు దాని యొరవడి యెంతటిదో ఊహింపుఁడు. లావుపాటి స్తంభములు కట్టినయెడల ప్రవాహము వానిమీఁద విఱుచుకొనిపడును. కావున సన్నని యినుపకాళ్లు నాటి, నీటిని నడుమనుండి పోనిచ్చిరి. దూరమునుండి చూచిన, వంతెన కొంగవలె సన్నని కాళ్లమీఁద నిలిచియున్నట్లుండును.

ఆ కాళ్లు దేనితోఁ జేసిరో వినినప్పుడు మాకు మా అమ్మమ్మగారి బొంతలు జ్ఞప్తికి వచ్చినవి. బార్లో అను ఇంజనీరు అడ్డుదిమ్మెలు లేకయే నేలపైఁ బఱచుటకు వీలుగా వెడల్పైన యడుగు గల రైలుపట్టాలను కల్పించెను. బ్రునెల్ అను ప్రసిద్ధ ఇంజనీరు సౌత్ వేల్సు రైలుమార్గమున వానిని వేయించెను. అవి దారిగా నిలుకడ చూపలేదు. తీసివేయవలసి వచ్చెను. దారికి పనికిరాని ఆ పట్టాలనే కొని, రెండేసి వీఁపులు చేర్చి బిగించి, వంతెనకు కాళ్లుగా నిలిపిరి. చినిగిన చీరలు బొంతయయినట్లు, ఒకచోటఁ ద్రోసివేసినది వేఱొకచోట నూఱేండ్లు బరువు మోసినది. పొదుపు తెలిసిన ఇల్లాలు ఈ పనిని మెచ్చుకొనక మానదు.

ఈ వంతెనను కట్టినది విలాసమునకు మాత్రమే కాదు. బ్రిస్టలు ప్రాంతమునుండి వచ్చువారు రైలు దిగి, పియర్ కొనయందు ఓడనెక్కి, ఆవలనున్న వేల్సు దేశమునకు పోవుదురని కట్టినవారి తలంపు. కాని 1886లో సెవర్న్ నది క్రింద సొరంగము త్రవ్వి రైళ్లను నడిపిరి. ఓడనెక్కి దాఁటవలసిన పని చాలవఱకు తీఱిపోయినది. పుట్టిన 17 ఏండ్లకే వంతెన తన మొదటి కొలువును పోఁగొట్టుకొన్నది. అయినను విహారపు టోడలు వచ్చుచుండెను, జనులు నడచుచుండిరి, ఊరు దానిని తనదిగాఁ జేసికొన్నది. దేనికై కొన్నామో ఆ పని తీఱినపిదపను ఇంటిలో నిలిచి, మన బ్రదుకులో భాగమైన వస్తువులు మనకు లేవా?

ఇఁక ముసలితనము సంగతి. ఇనుమునకు ఉప్పునీటికంటె, ఉప్పునీరును గాలియు మాఱిమాఱి తగులుట యెక్కువ కీడు. ఎల్లప్పుడు లోతునీటిలో మునిఁగియున్న యినుము మెల్లగాఁ ద్రుప్పుపట్టును. తడిసి, ఆఱి, మరల తడియుచోట త్రుప్పు త్వరపడును. నీళ్లబానక్రింది ఇనుప ముక్కాలిపీటను చూచినవారికి ఈ సంగతి వేఱుగఁ జెప్పనక్కఱలేదు. క్లీవ్డనులో పెద్ద పోటు దినములలో 45 అడుగుల మేర దినమునకు రెండుసారులు తడిసి యాఱును. కావున రంగుపూఁత, బిగింపు, పలకల మార్పిడి యనునవి ఒక యేఁటి పనులు కావు, ఏఁటేఁటి పనులు. ఇంటిపనివలెనే వానికి అంతము లేదు, చేసినపుడు ఎవరి కంటికిని కానరావు, చేయనపుడు మాత్రము అందఱికిని కానవచ్చును.

1970వ సంవత్సరమున జనులను వంతెనపై నడువనిచ్చుటకు భీమా కావలసివచ్చెను. భీమాకై బరువు పరీక్ష చేయవలసివచ్చెను. పెద్ద ప్లాస్టికు తొట్లలో నీరు నింపి ఒక్కొక యంకణముమీఁద నుంచి చూచుచు వచ్చిరి. తీరమునొద్ది యంకణములు తాళినవి. అక్టోబరు 17వ తేదిన తీరమునకు దూరముగా నున్న రెండంకణములు ఆ బరువునకు విఱిగి సముద్రమునఁ గూలినవి. వంతెన కొననున్న మండపము అటు నీటినడుమ ఒంటిగా మిగిలిపోయినది. ఇటు తీరమునుండి సాగిన వంతెన మొండిచేయివలె నిలిచినది.

పరీక్ష చేయకున్న ఇంకను కొన్నాళ్లు నిలిచియుండునే యని మాకు మొదటఁ దోఁచినది. మా వారితో ననఁగా, "తొట్లు కూలినవా, మనుష్యులు కూలుట మేలా?" అని యడిగిరి. మాకు పెద్దమ్మగారి మణికట్టు గుర్తునకు వచ్చి నోరు మెదపలేదు. మా నాలుగవ మెట్టునకు ఎవరును పరీక్ష పెట్టలేదు. పరీక్ష పెద్దమ్మగారు తామే యిచ్చిరి.

కూలిన పిమ్మట ఊరిలో రెండు పక్షములైనవి. వంతెనను బాగుచేయవలెనని కోరినవారు కూడి ఒక ట్రస్టును ఏర్పఱచుకొని చందాలెత్త మొదలిడిరి. స్థానిక ప్రభుత్వసభ మాత్రము ఆ భారమును మోయఁజాలక, 1979లో వంతెనను పూర్తిగాఁ దీసివేయుటకు అనుమతి కోరినది. తీసివేయుదుమన్నవారిని మేము దుష్టులనము. ఊరి పన్నులతో నడచు సభకు ఖర్చులు పలుకడల నుండును. పనికిరాని ఇనుమునకు డబ్బు పెట్టుట యేల యని అడుగువారు ప్రతి యూరిలోను, ప్రతి యింటిలోను ఉందురు. ఇల్లు నడుపు మనకు ఆ ప్రశ్న చిన్నదిగా తోఁపరాదు. ఉన్న పది రూపాయలతో పిల్లవాని పుస్తకము కొందుమా, పాఁతపెట్టె తాళము బాగుచేయింతుమా యని తడఁబడని యిల్లాలు గలదా?

అడిగిన ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుకొనుటకు ఊరికి తావు దొరకుట ముఖ్యము. 1980లో బహిరంగ విచారణ జరిగినది. ఇరుపక్షములవారును తమ తమ మాటలు చెప్పుకొనిరి. అప్పటి ఆంగ్ల ఆస్థానకవి జాన్ బెట్జమన్ ఈ వంతెన పక్షమునఁ దన మాట వినిపించెను. తుదకు వంతెనను నిలుపవలెననువారి మాట నెగ్గినది. కవి పలుకునకు అంతటి బలమున్నందుకు మేము సంతసించితిమి. కాని కవి మాట నెగ్గినను వంతెనకు ఒక్క మేకైనను దిగదు. మేకునకు డబ్బు కావలెను.

డబ్బు మూఁడు త్రోవల వచ్చినది. ఒకటి, ఊరివారి చందాలు. రెండు, దేశపు సంస్థల సహాయము. ప్రాచీన కట్టడములను కాపాడు రెండు జాతీయ సంస్థలు 1984లో కలిసి 10 లక్షల పౌన్లు మంజూరు చేసినవి. మూఁడవది వంతెన తన కష్టముతోఁ దాను గడించుకొనునది. దాని సంగతి ముందు చెప్పెదము. ఈ మూఁటిలో మొదటిదానిని చిన్నదని త్రోసివేయరాదు. ఊరివారే తమ ముడుపు విప్పకున్న దూరపువారు ఏమి చూచి తమ ముడుపు విప్పుదురు? పెండ్లికి పుట్టింటివారు పసుపుకుంకుమలైనను తెచ్చినపుడు గదా చుట్టములు చదివింపులు తెచ్చుట!

పని చేసిన తీరును ఇల్లాండ్రు గమనింపవలెను. 1985లో వంతెనను విప్పి, తీరము వెంట సమీపముననున్న పోర్టిస్‌హెడ్ రేవునకు చేర్చిరి. నీటిపై వ్రేలాడుచు చేయు పనికంటె ఒడ్డున నేలపైఁ జేయు పని సుకరము గదా. త్రుప్పు గీఁకి, చెడిన భాగములను మార్చి, మరల తెచ్చి నిలిపిరి. 1989 మే 27వ తేదిన జనులను మరల నడువనిచ్చిరి. అప్పటికి కొననున్న మండపపు పని పూర్తికాలేదు. దానికిఁ గావలసిన డబ్బు వేఱుగఁ గూర్చుకొని 1998లో ముగించిరి. అనఁగా కూలిన నాఁటినుండి అంతయు బాగుపడువఱకు 28 ఏండ్లు. అయిదేండ్ల బిడ్డగా కూలిన వార్త విన్నది 33 ఏండ్ల తల్లియై తన బిడ్డతో కొనవఱకు నడచినది.

అన్నియు ఒక్కమాఱు కావలెనని వారు పట్టుపట్టలేదు. నడుచుటకు దారి మొదట, కూర్చుండుటకు మండపము తరువాత. ఇల్లు బాగుచేయించునపుడు మనలోఁ గొందఱము గోడ బీటలను విడిచి వసారాకు రంగులు వేయింతుము. చుట్టములకు కనఁబడునది వసారాయే గదా! గోడ మాత్రము ఆ రంగును చూచి నిలువదు.

వంతెన తన సంపాదన తాను గడించుచున్నదంటిమి. నడువ వచ్చినవారు కొంత రుసుము ఇత్తురు. గాలము వేయువారు ఇత్తురు. అచ్చట తేనీటి యంగడి గలదు. వంతెనపైఁ బెండ్లిండ్లు జరుగును. 1946లో కట్టిన వేవర్లీ యను ప్రక్కచక్రముల ఓడ ఆ కొనకు విహారమునకు వచ్చుచుండును. 2014లో లోకప్రసిద్ధమైన యొక యువగాయక బృందము తన పాటకు చిత్రమును అచ్చట తీయఁగా, పడుచుపిల్లలు ఆ తావును వెదకికొని రాఁజొచ్చిరి. ఇత్తడిరేకుపైఁ బేరు చెక్కించుకొనువారు డబ్బిత్తురు. తల్లి పేరు, తండ్రి పేరు, పెండ్లినాఁటి తేది, పోయిన బిడ్డ పేరు. అట్టి రేకులు వేలకొలఁది గలవఁట. 2001లో ఈ వంతెనను ఆ దేశపు ప్రాచీన కట్టడములలో మొదటి తరగతికిఁ జేర్చిరి. పనికిరాని ఇనుమని యొకప్పుడు తీసివేయఁదలఁచినది ఇదియే.

అయితే అన్ని వంతెనలకును ఇట్టి యదృష్టము పట్టలేదు. క్లీవ్డనునకు నైరృతిదిక్కున అదే తీరమున వెస్టన్ సూపర్ మేర్ అను ఊరున్నది. అచ్చటి బర్న్‌బెక్ పియర్ 1867లో, క్లీవ్డను వంతెనకు రెండేండ్లు ముందే తెఱవఁబడినది. తీరమునుండి ఒక చిన్న దీవికి పోవునట్టిది. తుపానులచే దెబ్బతిని 1994లో దానిని జనులకు మూసివేసిరి. ఆ దీవిలో సముద్రమున మునుఁగువారిని రక్షించు పడవ యుండెడిది. వంతెన నడువరానిదగుటచే 2013లో ఆ పడవవారును తావు మార్చుకొనవలసి వచ్చెను. ఇతరుల ప్రాణములు కాచువారికే కాలు పెట్టఁ జోటు లేకపోయినది! చేతులు మాఱి మాఱి, తుదకు 2023లో స్థానిక ప్రభుత్వసభ దానిని బాగుచేయఁదలఁచి కొన్నది. నడుమ 29 ఏండ్లు సముద్రము తన పని తాను చేసికొనుచునే యున్నది.

దేశపు దక్షిణతీరమున బ్రైటన్ నగరపు వెస్టు పియర్ కథ ఇంతకన్న విచారకరము. అది 1866లో కట్టినది. 1975లో మూసివేసిరి. దానిని కాపాడఁగోరిన ట్రస్టు 1983లో 100 పౌన్లకు కొన్నది. కొనుటకు 100 పౌన్లు, బాగుచేయుటకు కోట్లు! 1998లో లాటరీ నిధినుండి సుమారు కోటి 40 లక్షల పౌన్లు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. కాని వాదవివాదములతోఁ గాలము గడచుచుండఁగా 2002 డిసెంబరులో ఒక భాగము కూలినది. 2003లో రెండుమాఱులు మంటలంటుకొన్నవి. 2004 నాఁటికి దానిపై ఆశ వదలుకొనవలసి వచ్చినది. ఇనుప యెముకలగూడు సముద్రములో మిగిలినది. డబ్బు లేక చెడినది క్లీవ్డను వంతెన. డబ్బు పలికిన తరువాతను చెడినది బ్రైటను వంతెన. మందు వచ్చునప్పటికి రోగి యుండవలెను గదా!

ఈ మూఁడు కథలను ప్రక్కప్రక్కనుంచి చూడఁగా మాకొక సంగతి తోఁచినది. మన పురాణములలో సేతువు కట్టినవారి కథ వింటిమి. ఉడుత తెచ్చిన యిసుకను కూడ తరతరములుగాఁ జెప్పుకొనుచున్నాము. సేతువునకు మరమ్మతు చేసినవారి కథను మాత్రము ఎన్నఁడును వినలేదు. అయినను మన పెద్దలు జీర్ణోద్ధరణమును మఱవలేదు. క్రొత్తగుడి కట్టించుటకంటె పాడుపడిన గుడిని నిలిపినవారికి ఫలమధికమని చెప్పిరి. అట్లేల చెప్పిరో మా చిన్ననాఁడు మా నాయనగారివద్ద చదువుకొనునప్పుడు మాకు బోధపడలేదు. ఇప్పుడు బోధపడినది. కట్టువానికి కీర్తి ఎట్లును దక్కును. నిలుపువానికి దక్కదు. దక్కనిచోట పెద్దలు ఫలమును చేర్చి పెట్టిరి.

ఆఁడువారికి ఈ సంగతి వేఱొకరు చెప్పవలసినది కాదు. కడిగిన గిన్నెనే కడుగుట, ఉతికిన బట్టనే యుతుకుట, ఊడ్చిన వాకిలినే యూడ్చుట మన నిత్యకృత్యము. ఇల్లు కట్టినది పురుషుఁడని శిలపై వ్రాయుదురు. దానిని 40 ఏండ్లు నిలిపినది ఎవరో వ్రాయరు. నిలుపుట యనఁగా ఏమో తెలిసిన మనమే, గుమ్మము దాఁటి రేవులోనికి దిగఁగానే అది ఇతరుల పనియని యూరకుండుట తగునా?

కావున గత మాసము మేము ఇల్లిల్లును తిరిగితిమి. "పంచాయతీవారు చేయింపవలసిన పని గదా" అని కొందఱనిరి. నిజమే. పంచాయతీకి విజ్ఞాపనము వ్రాసి 22 మంది స్త్రీలము వ్రాలుచేసి యిచ్చితిమి. సమాధానమునకై యెదురుచూచుచునే యింటికి 50 రూపాయలు కూర్చితిమి. ఇయ్యలేనివారు పనినాఁడు ఇసుక మోయుదుమనిరి. ఆ మాటను కూడ చందాగనే వ్రాసికొంటిమి.

తాపీమేస్త్రి వచ్చి చూచి, గడకఱ్ఱతోఁ బొడిచి, "అమ్మగారూ, పగిలినది నాలుగో మెట్టే కాని, చెడినది దాని క్రింది మన్ను. మూఁడో మెట్టు కూడ డొల్లగా నున్నది. ఇప్పుడు పైన సిమెంటు పూసిన కార్తికమునకు మరల పగులును. వేసవిలో కాలువ కట్టివేసినపుడు నీరు దిగును గదా, అప్పుడు క్రిందినుండి రాతికట్టు కట్టి నాలుగు మెట్లు ఎత్తి పెట్టవలెను" అన్నాఁడు. వెంటనే పని చూపవలెనని తొందరపడినవారము కొంత చిన్నఁబోతిమి. కాని క్లీవ్డనువారు తమ వంతెనను విప్పి ఒడ్డునకు చేర్చిన సంగతి తలఁచుకొని మేస్త్రి మాటకే ఒప్పుకొంటిమి. అంతవఱకు ఆ మెట్టుకడ ఒక వెదురుకఱ్ఱ పాతి ఎఱ్ఱగుడ్డ కట్టితిమి. క్రింది నాలుగు మెట్లు ఈ వేసవికి, పైవానికి తగిన సొమ్ము చేరినపుడు పైవి.

కూడిన డబ్బంతయు ఖర్చుపెట్టరాదనియు నిశ్చయించితిమి. కొంత మిగిల్చి, ఏఁటేఁట కాలువ కట్టినపుడు ఇంటికి 20 రూపాయలు చేర్చి, రేవు మరమ్మతు పద్దు అని వేఱుగ నుంతుము. పద్దు పుస్తకము పెద్దమ్మగారి యింట నున్నది. ఆమె చేయి ఇంకను పూర్తిగా స్వాధీనము కాలేదు. ఆమె చెప్పఁగా మనుమరాలు వ్రాయుచున్నది.

పేళ్ల సంగతియు వచ్చినది. దొరసానుల దేశమువలె ఇత్తడిరేకులు వేయింతమా యని పడుచు కోడలొకతె యడిగినది. పెద్దమ్మగారు, "అక్షరముమీఁద కాలు పెట్టుట మనకు అలవాటు లేదమ్మా. మెట్టుమీఁద పేరు వ్రాసిన దిగుటెట్లు?" అనిరి. అందఱము నవ్వితిమి. పేళ్లు పద్దు పుస్తకములోనే యుండుట నిశ్చయమైనది. మొదటి పుటలో మొదటి పేరు ఇసుక మోయుదుమన్న చాకలి నరసమ్మది.

మీ యూళ్లలోను ఇట్టి మెట్టో, బావిగట్టో, బడికప్పో యుండియుండును. దానిని దాఁటి కాలు పెట్టుట మీరును నేర్చుకొనియుందురు. దానిని నిలుపుటకు మీరు పూనిన యుపాయమును, అందు వచ్చిన చిక్కులను మాకు వ్రాయుఁడు. కాలువ కట్టిన పిదప మా మెట్లు ఏమైనవో మేమును తప్పక తెలియఁజేయుదుము.